ఇంటి ట్రాక్టరునకు ముందు బ్లేడు బిగింపవచ్చునా?

ఈ మధ్య మన సంఘపు సమావేశములయందును, పెండ్లి పందిళ్లలోను, బల్లార్షా స్టేషనులో బండికొరకు వేచియున్న వేళలందును మాకు పదేపదే యెదురగుచున్న ప్రశ్న యొకటి కలదు. "మన ట్రాక్టరుకు ముందు బ్లేడు బిగిద్దామా, అన్నా?" అని తమ్ముళ్లు అడుగుచున్నారు. "ఉన్న అప్పు తీరకముందే మరియొక అప్పా?" అని పెద్దలు తలలు పట్టుకొనుచున్నారు. ఇరుపక్షముల వారును మా అభిప్రాయము కోరినందున, నలుగురికి వేరువేరుగా చెప్పుటకంటె ఈ పత్రికాముఖమున ఒక్కమారు చెప్పుట మేలని తలచితిమి.

మన కుటుంబములలో గనులను, రైలును, కాగితపు మిల్లును నమ్ముకొని వచ్చిన వారెందరో, భూమిని నమ్ముకొని యుండిపోయిన వారును అందరు కలరు. రాజురావారి సంగతి వేరు. వారు ఎక్కడనుండియు వచ్చినవారు కారు. 1956 వరకు ఆ తాలూకా హైదరాబాదు రాష్ట్రములోని ఆదిలాబాదు జిల్లాలోనిదే. ఆ యేట నాందేడు జిల్లాలో చేరి, 1959లో చాందా జిల్లాకు వచ్చినది. మనుష్యులు కదలలేదు, సరిహద్దులే కదలినవి. కావున రాజురా, కొర్పనా వైపున ప్రత్తియు సోయాబీనును, మూల్, సిందేవాహీ, నాగభీడ్ వైపున వరియు పండించు తెలుగు ఇండ్లు నేటికిని గలవు. వానిలో పెక్కింటికి ట్రాక్టరు ఒక్కటే. ఆ యొక్కదానిని గురించియే ఈ ప్రశ్న.

ముందు బ్లేడుమీద మోజు ఊరక పుట్టినది కాదు. మన జిల్లా తూర్పుభాగమంతయు చెరువుల సీమ. మాల్‌గుజారుల కాలపు చెరువులు 1951లో మాల్‌గుజారీ రద్దయిన పిమ్మట సర్కారు పరమైనవి. వానినే మాజీ మాల్‌గుజారీ చెరువులనుటకు బదులు పొడి అక్షరములతో 'మామా తలావ్' అని నేడందరును పిలుచుచున్నారు. మేనమామలకును వానికిని ఏ సంబంధమును లేదు. ఆ చెరువులలో తరతరముల పూడిక పేరుకొనినది. 2017లో మహారాష్ట్ర ప్రభుత్వము 'గాళ్‌ముక్త్ ధరణ్, గాళ్‌యుక్త్ శివార్' అను పథకమును ఆరంభించి, 2023లో మరల దానిని చేపట్టినది. చెరువునుండి పూడిక తీయవలెను, ఆ మట్టిని రైతు తన పొలమునకు తోలుకొనవలెను. తెలంగాణములో 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ చేసినదియు ఇదియే. అక్కడి మన బంధువుల పొలములలో నల్లని చెరువుమట్టి పరచిన తరువాత పైరు ఏపుగా పెరుగుట చూచి వచ్చినవారు మనలో పలువురు గలరు.

పొక్లెయిను చెరువులో త్రవ్వును. ట్రాలీలు తెచ్చి పొలములో కుప్పలుగా పోసిపోవును. ఆ కుప్పలను పరచు వారెవరు? గడ్డపారలతో నలుగురు కూలీలు వారము దినములు పరచవలసిన మట్టిని ముందు బ్లేడుగల ట్రాక్టరు ఒక పూటలో పరచును. ఆ వేగమును కండ్లార చూచిన యువకునికి మనసాగదు. తన పొలము ముగించి ప్రక్కవాని పొలమునకు బాడుగకు పోవచ్చుననియు, రెండు వేసవులలో బ్లేడు వెల రాబట్టవచ్చుననియు లెక్కలు వేసికొనును. ఆ లెక్కలలో కొంత నిజము కలదు. లేదనము.

అయినను మా అభిప్రాయము ఇది: ఇంటికి ట్రాక్టరు ఒక్కటే యైనప్పుడు, అదియు వెనుక చక్రములు మాత్రమే లాగు సాధారణపు ట్రాక్టరైనప్పుడు, దానికి ముందు బ్లేడు బిగింపకుండుటయే యుక్తము. బ్లేడు వెలకు భయపడి చెప్పుట లేదు. ట్రాక్టరు శరీరమునకు అది చేయు కీడు, జూన్ మాసపు విత్తనమునకు అది తెచ్చు ముప్పు, పీటపై కూర్చున్న పిల్లవాని ప్రాణమునకు అది కలిగించు అపాయము, ఈ మూడును వెల కాగితములో కనబడవు గనుక చెప్పుచున్నాము.

మొదట బరువు సంగతి. మన పొలములలో తిరుగు 40, 45 అశ్వశక్తుల ట్రాక్టరు సుమారు 2000 కిలోల బరువనుకొందము. అందులో 800 కిలోలు ముందు ఇరుసుమీదను, 1200 కిలోలు వెనుక ఇరుసుమీదను ఉండును. రెండు ఇరుసులకు నడుమ దూరము రెండు మీటర్లు. ఇప్పుడు ఫ్రేముతో కూడ 500 కిలోల బ్లేడును ముందు ఇరుసునకు ఒక మీటరు ముందుగా వ్రేలాడదీసితిమి. ముందు ఇరుసుమీద ఎంత బరువు పెరిగినది? 500 అని చెప్పువారే యెక్కువ. కాదు, 750. ఏతము తొక్కిన వారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఒక కొన క్రుంగిన రెండవ కొన లేచును. ముందు ఇరుసు ఏతపు కంబమువలె నిలువగా, ముందరి బరువు వెనుక చక్రములను పైకెత్తుచుండును. వెనుకనుండి 250 కిలోలు తగ్గి ముందుకు వచ్చి చేరినవి. 800 మోయుటకు చేసిన ఇరుసు 1550 మోయవలసి వచ్చినది. బ్లేడునకు బదులు తొట్టి బిగించి, అందు 500 కిలోల తడిమట్టి నింపి, ఆ మట్టి ఇరుసునకు మీటరున్నర ముందు నిలిచినచో, వెనుక చక్రములపై మిగులునది 600 కిలోలకు లోపే. ట్రాక్టరు నిలిచియున్నప్పటి లెక్క ఇది. గోతిలో దిగి ఎగిరినప్పటి దెబ్బ ఇందులో చేరలేదు.

ఆ ముందు ఇరుసు ఎట్టిదో ఒకమారు క్రింద కూర్చుండి చూడుడు. నడుమ ఒక్క పిన్నుమీద ఊగునట్లు అమర్చిన దూలము, రెండు కొనలయందు స్టబ్బులు, చిన్న టైర్లు. దారి చూపుటకే గాని మోతకు చేసినవి కావవి. పెద్ద చక్రములు వెనుకను, చిన్న చక్రములు ముందును ఏల పెట్టిరనగా, నాగలియు గొర్రును వెనుకనే పనిచేయును గనుక.

అంతకంటె ముఖ్యమైన సంగతి బ్రేకులది. మన సాధారణపు ట్రాక్టరులకు బ్రేకులు వెనుక చక్రములకే యుండును. ముందు చక్రములకు లేవు. వెనుక బరువు తగ్గినకొలది బ్రేకు పట్టుదల తగ్గును. చక్రము తిరుగుట మానును గాని బండి ఆగదు, మట్టిమీద జారిపోవుచుండును. చదునైన పొలములో ఇది తెలియదు. చెరువుకట్ట దిగునప్పుడు తెలియును.

ఇది మేము పుస్తకములు చూచి చెప్పుచున్నది కాదు. మా యింటనే జరిగినది. కొన్ని వేసవుల క్రిందట మేమును ఈ మోజుననే పడితిమి. రోడ్డు ప్రక్కనున్న ఒక వర్కుషాపులో బ్లేడు, తొట్టి రెండును మార్చుకొనునట్లు చేయించితిమి. మొదటి పదునైదు దినములు ఊరిలో మాయంతటి వారు లేరనిపించినది. ఒకనాటి సాయంకాలము మా తమ్ముని కుమారుడు నిండు తొట్టితో కట్ట దిగుచుండగా బ్రేకు తొక్కెను. వెనుక చక్రములు రెండును బిగిసినవి, బండి మాత్రము జారుచునే యుండెను. వెనుక భాగము ప్రక్కకు తిరుగసాగెను. వాడు భయపడి దూకలేదు, దూకియుండిన ఏమగునో తలచుటకే యొడలు జలదరించును. తొట్టి పిడి క్రిందికి త్రోసెను. తొట్టి నేలను గ్రుచ్చుకొని బండి నిలిచెను. క్రిందనున్నవి ఇరువురు ఆడకూలీలును, ఒక నీళ్ల కుండయు. ఆ రాత్రి మా వదినగారు అన్నము ముట్టలేదు.

ఆ దెబ్బకు బండి పైకి బాగుగనే కనబడెను. పది దినములకు క్లచ్ పెట్టె క్రిందనుండి నూనె కారసాగెను. విప్పి చూడగా ఇంజనును క్లచ్ పెట్టెయు కలియు చోట బోల్టులు సాగి, పోత ఇనుమున నెఱ్ఱె పుట్టియుండెను. దీని కారణము తరువాత తెలిసినది. లారీకి ఈ కొననుండి ఆ కొనకు ఉక్కు చట్రము ఉండును. ట్రాక్టరునకు అట్టి చట్రము లేదు. ఇంజను, క్లచ్ పెట్టె, గేరుపెట్టె, వెనుక ఇరుసు ఒకదానికొకటి బోల్టులతో చేరి వెన్నెముకవలె యుండును. బ్లేడు ఫ్రేమును ముందు భాగమునకే బిగించినయెడల గట్టి నేల తగిలిన ప్రతి పోటును ఆ కీళ్లమీద పడును. సరియైన ఫ్రేము రెండు ప్రక్కలను పొడవుగా వెనుక ఇరుసు పెట్టెదాక పోయి అక్కడ ఆనుకొనవలెను. అప్పుడు త్రోపు వెనుక ఇరుసునుండియే బయలుదేరును గనుక నడుమ కీళ్లకు బాధ యుండదు. మాకు చేసిన వారు ఇనుము ఆదా చేసిరి. మేమును ప్రశ్న వేయక ధర తగ్గినదని సంతసించితిమి. తప్పు ఇరువురిదియు.

మృగశిర ప్రవేశించెను. రెండు మంచి వానలు కురిసి నేలకు పదను వచ్చెను. మా ట్రాక్టరు ముక్కలై షెడ్డులో పడియుండెను. బాడుగకు తెత్తమన్న ఎవరి ట్రాక్టరు వారి పొలములోనే. పదునొకండు దినములకు మాది బయటికి వచ్చునప్పటికి ప్రక్క చేలలో ప్రత్తి రెండాకులు వేసెను. నల్లరేగడి మనకొరకు ఆగునా? తరువాతి వాన పట్టుకొని వారము వదలలేదు. ఆ యేటి నష్టమును బ్లేడు బాడుగలతో తూచి చూచితిమి. తూగలేదు.

మంచుదేశములలో నున్న మన పిల్లలకును ఇట్టి ప్రశ్నయే కలుగుచున్నదని వినిన మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. అమెరికాలోని మిన్నెసోటా, మిషిగన్ వంటి ఉత్తరపు రాష్ట్రములలోను, కెనడాలోను చలికాలమున వాకిళ్లు మంచుతో పూడిపోవును. అక్కడివారు తమ సొంత పికప్ ట్రక్కునకు ముందు మంచుపలక బిగించి తమ వాకిలిని, ఆపై ఇరుగుపొరుగుల వాకిళ్లను బాడుగకు త్రోసెదరు. ఆ పలక రెండు మూడు క్వింటాళ్లు మొదలు నాలుగు క్వింటాళ్ల దాక తూగును. అక్కడి జాగ్రత్తలు వినుడు. ముందు ఇరుసు ఎంత మోయగలదో బండి తలుపు చట్రముననే అంటించిన చీటీ చెప్పును. ఆ యంకె మించకూడదు. పలకకు తగిన బలమైన ముందు స్ప్రింగులతో తయారీదారులే వేరుగా బండ్లు అమ్ముదురు. వెనుక తొట్టిలో ఇసుక సంచులు వేసి బరువు సరిచేసెదరు. ఇరుగుపొరుగు వాకిలికి డబ్బు పుచ్చుకొన్న నాడు సొంత బండి భీమా చెల్లక, వర్తకపు భీమా వేరుగా తీసికొనవలసి వచ్చును. పలక నెత్తి రోడ్డుమీద పోవునప్పుడు రేడియేటరునకు గాలి అడ్డగింపబడి ఇంజను కాగునని పలకను క్రిందికి దించి, ఒక ప్రక్కకు వంచి నడుపుదురు.

ఈ కడపటి మాటను మరల చదువుడు. నీరు గడ్డకట్టు చలిలోనే ఇంజను కాగునని వారు భయపడుచున్నారు. మన చంద్రపురములో మే మాసపు మధ్యాహ్నము 46, 47 డిగ్రీలు సాధారణము. బ్లేడు పని సాగునది సరిగ్గా ఆ దినములలోనే. ముందు బ్లేడు గాలికి అడ్డు, లేచు దుమ్ము రేడియేటరు జాలికి అడ్డు. ఇక ముందుకు త్రోయుట, వెనుకకు వచ్చుట, మరల ముందుకు త్రోయుట. గంటకు నూరుమార్లు క్లచ్ తొక్కవలెను. దున్నునప్పుడు సాలు కొసన మాత్రమే తొక్కు క్లచ్ ఇది. దాని ఆయువు ఏమగునో వేరుగా వ్రాయనేల?

డబ్బు లెక్క చూతము. బ్లేడు, ఫ్రేము, హైడ్రాలిక్ గొట్టములు కలిపి లక్షన్నర రూపాయలనుకొందము. నూటికి 12 వడ్డీ చొప్పున ఏటికి 18,000. పదేండ్లు మన్నునని తలచిన ఏటికి అరుగుదల 15,000. మొత్తము 33,000. పని దినములెన్ని? చెరువు అడుగు ఎండవలెను, పూడిక తీత అనుమతులు రావలెను, పొలములో పంట తీసియుండవలెను. ఏప్రిలు నడిమినుండి జూన్ మొదటివరకు నలువది దినములు చిక్కిన అదృష్టమే. జూన్ నడిమికి వర్షము దిగిన పిమ్మట నల్లరేగడిలో బ్లేడుగాదు గదా, మనిషి చెప్పుకూడ కదలదు. దినమునకు 6 గంటల చొప్పున 40 దినములకు 240 గంటలు. అనగా గంటకు సుమారు 138 రూపాయలు బ్లేడు ఊరక తినును. డీజిలు, డ్రైవరు, క్లచ్, టైర్లు ఆపైన. బాడుగలు దొరకక సొంత పొలమునకు 60 గంటలే వాడినయెడల ఆ 138 కాస్త 550 యగును. అప్పుడు బాడుగ యంత్రమును పిలిచి పని చేయించుకొనుట మేలా, కాదా? బాడుగలు తప్పక దొరకునను ధీమా యున్నవారికి ఒక్క మాట. ఆ నలువది దినములలోనే జేసీబీలును ఊరూర తిరుగుచుండును. అవి ఆ పనికే పుట్టినవి. వానితో పోటీపడి ధర తగ్గించువాడు తన ట్రాక్టరునే తినుచున్నాడు.

బాడుగ అనగానే చట్టమును తలచుకొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్ణయించి, రిజిస్ట్రేషను పుస్తకములో చేరిన వివరములకు విరుద్ధముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని గట్టిగా చెప్పినది. అదే యేటి సవరణచే మార్చబడిన 182-ఏ సెక్షను క్రింద అనుమతిలేని ప్రతి మార్పునకును యజమానికి 5000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలలవరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. కార్ల ముందు జనులు మోజుపడి బిగించుకొన్న ఇనుప కమ్మీలను తీసివేయించవలెనని కేంద్ర రవాణాశాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు వ్రాసినదియు ఈ సెక్షను ననుసరించియే.

ట్రాక్టరు పనిముట్లతో పనిచేయుటకే పుట్టినది గనుక, పిన్నులు తీసి విడదీయగల బ్లేడు పనిముట్టు క్రిందనే వచ్చునని మా తలంపు. ముందుభాగమును కోసి, ఇరుసు మార్చి, వెల్డింగుతో శాశ్వతముగా అతికించినది పనిముట్టు కాదు, మార్పు. ఈ భేదమును మీకు మీరే తేల్చుకొనక, ఎమ్‌హెచ్-34 కార్యాలయములో వ్రాతమూలకముగా అడిగి, వ్రాతమూలకముగానే జవాబు పుచ్చుకొనుడు. భీమా పత్రమును గూడ చదివించుకొనుడు. వ్యవసాయమునకని వ్రాయించిన భీమాతో బాడుగ పనిలో ప్రమాదము జరిగినచో, పరిహారము యజమాని ఇంటిమీదికి వచ్చు అవకాశము కలదు. ఇక నది ఇసుకను తొట్టితో ఎత్తుటకు పిలుచువారు తప్పక వత్తురు, మంచి బాడుగ చెప్పుదురు. అనుమతిలేని ఇసుక తీయు యంత్రమును, బండిని స్వాధీనపరచుకొను అధికారము 1966 నాటి మహారాష్ట్ర భూమిశిస్తు కోడులోని 48వ సెక్షను రెవెన్యూవారికి ఇచ్చినది. ఆ బాడుగకు పోయిన ట్రాక్టరు తహసీలు ఆవరణలో తుప్పుపట్టుట మనమందరము చూచుచున్నదే.

మట్టి విషయమున గూడ ఒక హెచ్చరిక యవసరము. బ్లేడు చేతికి వచ్చినవాడు చదును చేయుటలో మితము ఎఱుగడు. రాజురా, కొర్పనా ప్రాంతమున మెట్టలమీద నల్లమట్టి మూరెడు లోతైనను ఉండని చోట్లు గలవు. క్రింద సున్నపురాయి. అందుకే గదా అక్కడ సిమెంటు మిల్లులు వెలసినవి. మిట్టను గోకి పల్లమును నింపిన పొలము చూపులకు అద్దమువలె నుండును. మిట్టయున్న చోట మాత్రము నాలుగేండ్లు పైరు ఎఱ్ఱబారును. వరి మడులలోనైనను పైమట్టిని ఒక ప్రక్కకు తీసి, అడుగు చదును చేసి, మరల పైమట్టిని పరచవలెను. త్వరగా ముగించి మరియొక బాడుగకు పోవు తొందరలో నున్నవాడు ఈ పని చేయడు.

మరి ట్రాక్టరుగలవారు ఏమి చేయవలెను? మొదటి సలహా వెనుక బ్లేడు. నాగలి తగిలించు మూడు కొక్కెములకే అదియు తగులును. ఫ్రేము లేదు, వేరు గొట్టములు లేవు, బరువు పడవలసిన చోటనే, అనగా వెనుక ఇరుసుమీదనే పడును. దానిని లాగుదుము గాని త్రోయము గనుక క్లచ్ మీద ఆ హింస లేదు. వెల ముందు బ్లేడు వెలలో కొద్ది భాగము. పది నిమిషములలో విప్పి గొర్రు తగిలించుకొనవచ్చును. చెరువుమట్టి కుప్పలను ముందు బ్లేడంత వేగముగా అది పరచలేదు, ఒప్పుకొందుము. మొదట కుప్పలను పెద్దవిగా పోయింపక, ట్రాలీని నడుపుచునే కొద్దికొద్దిగా దింపించినయెడల వెనుక బ్లేడే చాలును. మడత మెడలతో వెనుకకు చూచుచు నడుపవలెనని మా తమ్ముని కుమారుడు గొణుగుచుండును. గొణుగనిండు.

ముందు బ్లేడు తప్పదనువారు నాలుగైదు ఇండ్లు కలిసి ఒక్కటి కొనుడు. ఆ ఇండ్లలో నాలుగు చక్రములును లాగు ట్రాక్టరు ఎవరికున్నదో దానికే బిగింపుడు. దాని ముందు ఇరుసు బలమైనది, ముందు టైర్లు పెద్దవి, నాలుగు చక్రములకును పట్టు కలిపినప్పుడు బ్రేకు బలము ముందుకును ప్రాకును. ఫ్రేము వెనుక ఇరుసుదాక పోవలెను. వెనుక చక్రములకు ఇనుప బరువులు గాని, టైర్లలో నీరు గాని నింపింపవలెను. ఏ ట్రాక్టరునకు ముందు ఎంత, వెనుక ఎంత బరువో తెలియకున్న, మధ్యప్రదేశములోని బుధనీలో 1955నుండి నడుచుచున్న కేంద్ర సంస్థవారు చేసిన పరీక్షా నివేదికను చూపుమని డీలరును అడుగుడు. అడిగినవాడు తెలివిగలవాడని డీలరునకును తెలియును. పీటవెనుక రెండు స్తంభముల ఇనుప కమాను పెట్టింపుడు. స్వీడనులో క్రొత్త ట్రాక్టరులకు 1959లోనే దానిని తప్పనిసరి చేసిరి. మనము ఎండకని గుడ్డకప్పు వేయించుకొందుము గాని, బోల్తాపడిన నాడు కాచు కమానును మాత్రము ఖర్చని మానుకొందుము.

కలిసి కొనుట అనగానే పోట్లాటలు జ్ఞప్తికి వచ్చును. వచ్చుట సహజమే. బోరు మోటారు పంచుకొనలేక మాటలు మానుకొన్న అన్నదమ్ములు మనలోనే యున్నారు. అయినను ఈ సీమలో ఇర్జిక్ అను మంచి అలవాటు కలదని మన పెద్దలెరుగుదురు. ఒకని పొలము వెనుకబడిన ఊరివారందరు నాగళ్లు కట్టుకొని పోయి ఒక్క దినములో దున్ని, వానియింట భోజనము చేసి వచ్చెడివారు. మన ఊళ్ల బదుళ్లవంటిదే ఇదియు. ఎద్దులతో సాగినది ఇనుముతో సాగకపోవునా? ఒక పుస్తకము పెట్టి, ఎవరి పొలమునకు ఏ వరుస, గంటకు ఎంత, విరిగిన ఎవరు బాగుచేయింపవలెను, జూన్ 1వ తేదీ తరువాత బ్లేడు విప్పివేయవలెనా యనునవి ముందే వ్రాసికొనవలెను. సంతకములు తెలుగులో చేసినను, షరతులు మరాఠీలో గూడ వ్రాయింపుడు. రేపు తగవు తహసీలుకెక్కిన చదువువారు కావలెను గదా. బాడుగ పనిముట్ల కేంద్రములకు 2014-15నుండి నడుచు కేంద్ర వ్యవసాయ యంత్రీకరణ పథకము క్రింద సహాయము కలదు గనుక, జట్టుగా నున్నవారు తాలూకా వ్యవసాయ కార్యాలయములో అడిగి చూడవచ్చును.

ఇదంతయు చదివి, "అనుభవించినవారు గనుక భయపడుచున్నారు, మేము జాగ్రత్తగా నడిపెదము" అను యువకులుందురు. మేమును అట్లే అనుకొంటిమి.

మా బ్లేడు ఇప్పుడు పశువుల కొట్టము వెనుక చింతచెట్టు క్రింద పడియున్నది. పలక గట్టిదే, దానికేమియు కాలేదు. రాజురా వైపువారిలో నాలుగు చక్రముల పట్టుగల ట్రాక్టరున్నవారెవరైన ముందుకు వచ్చి, మరి మూడు ఇండ్లు కలిసినయెడల, ఆ పలకను మా వంతుగా ఇచ్చెదము. పాత ఫ్రేమును మాత్రము ఇయ్యము, పాత ఇనుమునకు అమ్మివేసితిమి. క్రొత్తది చేయించునప్పుడు కొలతలు తీసికొనుటకు మేమును వత్తుము.